ఎత్తరుగు మీద ఆఫ్రికా

కాంగో నది సెకనుకు సగటున 40 వేల ఘనపు మీటర్ల నీటిని అట్లాంటిక్ సముద్రంలో పోస్తుంది. ప్రపంచంలో ఇంతకంటే ఎక్కువ నీళ్ళు మోసే నది అమెజాన్ ఒక్కటే. పోర్చుగీసు నావికుడు దియోగో కావ్ 1482లో దీని ముఖద్వారం చేరాడు. ఇంత నీరు, ఇంత వెడల్పు ఉన్న నది వెంట ఓడలు నడిపిస్తే ఖండం నడిబొడ్డుకు చేరిపోవచ్చని ఎవరికైనా అనిపిస్తుంది. సముద్రం నుంచి సుమారు 150 కిలోమీటర్ల దాకా నది దారి ఇస్తుంది కూడా. ఆ తర్వాత, ఇప్పుడు మతాది రేవు ఉన్నచోటికి కాస్త ఎగువన, ఎల్లాలా దగ్గర నీళ్ళు బండల మధ్య విరుచుకుపడుతూ ఓడలను ఆపేస్తాయి. కావ్ మనుషులు అక్కడి బండ మీద చెక్కిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు అంతకు మించి పైకి పోలేకపోయారు.

ఎల్లాలా మొదలుకొని ఎగువకు దాదాపు 350 కిలోమీటర్ల పొడవునా ఒకదాని తర్వాత ఒకటి దూకుళ్ళే. ఆ దూరంలో నది సుమారు 270 మీటర్లు కిందికి దిగుతుంది. కొన్నిచోట్ల లోతు 200 మీటర్లు దాటుతుంది. సూర్యకాంతి చేరని ఆ అడుగున కళ్ళు లేని, తెల్లగా పాలిపోయిన చేపలు బతుకుతున్నాయి. ఇదంతా దాటి కిన్షాసా చేరితే అదే నది సాగరంలా పరుచుకొని మెల్లగా కదులుతూ కనిపిస్తుంది. అక్కడి నుంచి కిసంగాని వరకు 1,700 కిలోమీటర్ల మేర పడవలు ఏ అడ్డూ లేకుండా నడుస్తాయి. లోపల అంత సాధువైన నది అంచుకు వచ్చేసరికి అలా ఎందుకు మారుతుంది?

కాంగో ఒక్కదాని విషయం కాదిది. జాంబెజీ వెంట లోపలికి వెళ్ళాలని 1858లో బయల్దేరిన డేవిడ్ లివింగ్‌స్టన్ ఆవిరి పడవ కబ్రబాసా దూకుళ్ళ దగ్గర ఆగిపోయింది. నైలు మీద అస్వాన్ నుంచి ఖార్తూమ్ లోపు ఆరు చోట్ల రాతి దూకుళ్ళు అడ్డుపడతాయి. దక్షిణాన ఆరెంజ్ నది ఆగ్రబీస్ దగ్గర గ్రానైట్ లోయలోకి దూకుతుంది. వేల కిలోమీటర్ల దూరంలో వేర్వేరు సముద్రాలకు పోయే నదులన్నీ ఒకే తీరున ప్రవర్తిస్తున్నాయంటే కారణం నదుల్లో లేదు, అవి పారే నేలలో ఉంది. ఆఫ్రికా ఎత్తరుగు ఇల్లు లాంటిది. వీధిలోంచి లోపలికి పోవాలంటే ముందు మెట్లెక్కాలి. అరుగు మీద పోసిన నీళ్ళు వీధిలోకి రావాలంటే అంచు మీంచి దూకాలి. ఈ ఖండపు ఎడారులూ సరస్సులూ అడవులూ గాలులూ అర్థం కావాలంటే ఈ ఎత్తు దగ్గరే మొదలుపెట్టాలి. మన బడి పుస్తకాలు నైలు, సహారా, కిలిమంజారో అని పేర్లు వరసగా చెప్పి ఊరుకుంటాయి. వాటన్నిటినీ కలిపే దారం చేతికివ్వకపోవడం వల్ల ఆఫ్రికా మనకు పేర్ల జాబితాగానే మిగిలిపోయింది. అది పెద్ద నష్టమని నా అభిప్రాయం.

ముందు పరిమాణం సంగతి. ఆఫ్రికా వైశాల్యం 3 కోట్ల చదరపు కిలోమీటర్ల పైమాటే; భారతదేశం లాంటివి తొమ్మిది పడతాయి. ఉత్తరాన ట్యునీసియా కొస నుంచి దక్షిణాన అగుల్హాస్ అగ్రం వరకు దాదాపు 8,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖ ఇంచుమించు నడుము మీదుగా పోతుంది. ఇంత పెద్ద ఖండానికి సముద్రతీరం మాత్రం 30 వేల కిలోమీటర్లకు అటూ ఇటుగానే ఉంటుంది. ఆఫ్రికాలో మూడో వంతు మాత్రమే ఉన్న ఐరోపాకు ఇంతకంటే పొడవైన తీరం ఉంది. ఐరోపాలో సముద్రం నేలలోకి చొచ్చుకొస్తుంది. ఆఫ్రికాలో అరుగు అంచు దగ్గరే ఆగిపోతుంది. అందుకే సహజమైన రేవులు తక్కువ.

అంగోలా తీరం నుంచి ఎర్ర సముద్రం దాకా పటం మీద ఏటవాలుగా ఒక గీత గీస్తే ఖండం రెండు ముక్కలవుతుంది. గీతకు వాయవ్యంగా ఉన్న ముక్కలో నేల చాలావరకు 150 నుంచి 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆగ్నేయ ముక్క సగటు ఎత్తు వెయ్యి మీటర్లు దాటుతుంది. తూర్పు కనుమల్లో మన అల్లూరి జిల్లా శిఖరాలేవీ 1,700 మీటర్లకు మించవు. జొహనెస్‌బర్గ్ నగరం అంతకంటే ఎత్తులో, అదీ చదునైన మైదానం మీద ఉంది. నైరోబీ భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలోనే ఉన్నా సుమారు 1,800 మీటర్ల ఎత్తు వల్ల చల్లగా ఉంటుంది. అడిస్ అబాబా 2,300 మీటర్లు దాటింది. కెన్యా, ఇథియోపియా పరుగు వీరులు ఊపిరితిత్తులకు సాన పెట్టుకునేది ఈ ఎత్తుల మీదే.

ఇంత ఎత్తు ఎలా వచ్చింది? నేల పైకి లేవాలంటే రెండు ఖండాలు గుద్దుకోవాలని మనం అనుకుంటాం, ఎందుకంటే మన కళ్ళెదుట హిమాలయాలున్నాయి. ఆఫ్రికాలో అలాంటి మడత పర్వతాలు రెండు కొసల్లోనే ఉన్నాయి: ఉత్తరాన అట్లాస్, దక్షిణాన కేప్ కొండలు. మధ్యలో ఉన్న మహా పీఠభూమిని ఎవరూ గుద్దలేదు. పైగా ఆఫ్రికా పలక చుట్టూ దాదాపు అన్ని వైపులా సముద్రగర్భంలో కొత్త నేల పుట్టే వెన్నులే ఉన్నాయి. వాటి దగ్గర పలకలు విడిపోతాయి తప్ప ఢీకొనవు.

జవాబు అడుగున ఉంది. భూకంప తరంగాలు భూగర్భంలోంచి ప్రయాణించే వేగాన్ని కొలిస్తే లోపల ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ చల్లగా ఉందో అంచనా వేయవచ్చు. వేడెక్కిన రాతిలో తరంగాలు నెమ్మదిస్తాయి. దక్షిణ ఆఫ్రికా కింద, 2,900 కిలోమీటర్ల లోతున, భూకేంద్రకాన్ని ఆనుకొని మొదలై, వేల కిలోమీటర్ల వెడల్పున అలాంటి ప్రాంతం ఒకటి ఉంది. అది ఈశాన్యంగా వాలుతూ పైకి, ఇథియోపియా దిశగా ఎగబాకుతుంది. ఆ వేడి రాయి కింది నుంచి నెమ్మదిగా ఎత్తిపట్టడం వల్లే ఖండపు ఆగ్నేయ భాగం అంత ఎత్తున నిలిచిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఎప్పుడు లేచిందన్న దానిపై మాత్రం వాదన ఇంకా నడుస్తోంది. కొందరు 10 కోట్ల ఏళ్ళ కిందటి మాట అంటారు, మరికొందరు గత 3 కోట్ల ఏళ్ళలోనే అంటారు. కొంత అప్పుడు, కొంత ఇప్పుడు లేచి ఉండవచ్చు కూడా.

పైకి లేచిన ఈ నేల అసాధారణంగా పాతది. దక్షిణాఫ్రికాలోని బార్బర్టన్ కొండల్లో 350 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళున్నాయి. అంత పాత రాయి అంతగా చెక్కుచెదరకుండా దొరికే చోట్లు భూమ్మీద చాలా తక్కువ. జొహనెస్‌బర్గ్‌కు దగ్గరలోని వ్రెడెఫోర్ట్ గుండ్రటి కొండలు 202 కోట్ల ఏళ్ళ క్రితం ఒక గ్రహశకలం పడ్డ గుర్తు. మనిషి ఇంతవరకూ గుర్తించి రుజువు చేసిన గుంతల్లో అదే అతి పెద్దది. కొత్త పర్వతాలు లేచి తుడిచిపెట్టలేదు కాబట్టే ఈ పాత రాతలన్నీ నిలిచాయి. విట్‌వాటర్స్‌రాండ్ బంగారం, కింబర్లీ వజ్రాలు బయటపడింది కూడా ఈ ముసలి రాతి నేలలోంచే.

ఒకప్పుడు ఈ నేలకు అంచు అనేదే లేదు. దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మన దక్కను అన్నీ దీన్ని అంటిపెట్టుకొని గోండ్వానా మహాఖండంగా ఉండేవి. ఆ రోజుల్లో గ్లాసాప్టెరిస్ అనే చెట్లు చిత్తడి నేలల్లో పెరిగి, కూలి, పూడి బొగ్గయ్యాయి. దక్షిణాఫ్రికా తవ్వుకునే బొగ్గు, సింగరేణి కార్మికులు కొత్తగూడెంలో, రామగుండంలో తవ్వే బొగ్గు ఒకే కాలపు, ఒకే రకపు అడవుల నుంచి వచ్చినవే. సుమారు 18 కోట్ల ఏళ్ళ క్రితం మహాఖండం విడిపోవడం మొదలైంది. అప్పుడు పొంగిన లావా పొరల మిగులే లెసోతో చుట్టూ ఉన్న డ్రాకెన్స్‌బర్గ్ పర్వతాలు. వాటి శిఖరం 3,482 మీటర్లు. వాటి అంచున టుగేలా జలపాతం 900 మీటర్లకు పైగా మెట్లు మెట్లుగా దిగుతుంది. ఖండాలు తెగిన చోట అరుగు అంచు నిటారుగా మిగిలింది. అంగోలా నుంచి నమీబియా మీదుగా దక్షిణాఫ్రికా చుట్టి మొజాంబిక్ వైపు వెళ్ళే ఆ గోడ ఇప్పటికీ తీరాన్నీ లోపలి నేలనూ వేరు చేస్తుంది. కాంగో విరుచుకుపడేది కూడా అలాంటి అంచును కోసుకుంటూనే.

అదే దూకుడు కరెంటుకు వరం. కాంగో భూమధ్యరేఖను రెండుసార్లు దాటుతుంది. ఒక అర్ధగోళంలో వానలు తగ్గినప్పుడు మరో అర్ధగోళంలో కురుస్తాయి. నదిలో నీరు ఏడాది పొడవునా పెద్దగా తగ్గదు. ఇంగా దూకుళ్ళ దగ్గర 40 వేల మెగావాట్ల దాకా తీయవచ్చని ఇంజనీర్ల లెక్క. 1972లో, 1982లో కట్టిన రెండు కేంద్రాల సామర్థ్యం కలిపినా 1,800 మెగావాట్లకు చేరదు. చుట్టూ కోట్ల మంది చీకట్లో ఉండగా అంత శక్తి ఊరికే రాళ్ళకు తగిలి పోతోందన్న సంగతి నన్ను బాధిస్తుంది.

అరుగు మీద నేలంతా సమంగా లేదు. కొన్నిచోట్ల ఉబ్బి, కొన్నిచోట్ల కుంగి ఉంటుంది. కాంగో, చాద్, కలహారి, దక్షిణ సూడాన్‌లోని సుద్ ఊబి నేల — ఇవన్నీ అలా కుంగిన పళ్ళాలు. పల్లంలోకి వచ్చిన నదికి బయటికి పోయే దారి దొరకడం కష్టం. అందుకే ఆఫ్రికా నదులకు వింత నడకలు. గినియా కొండల్లో పుట్టే నైజర్‌కు అట్లాంటిక్ 240 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. అయినా సముద్రానికి వీపు చూపి ఈశాన్యంగా సహారా వైపు నడుస్తుంది. మాలిలో ఎడారి అంచున పాయలు పాయలుగా చీలి లోతట్టు డెల్టా కడుతుంది. తింబక్తూ దాటాక మళ్ళీ ఆగ్నేయంగా మళ్ళి, మొత్తం 4,180 కిలోమీటర్లు తిరిగి గినియా సింధుశాఖలో కలుస్తుంది. ఎగువ నైజర్ ఒకప్పుడు ఎడారిలోని పల్లంలోనే అంతమయ్యేదనీ, తీరం వైపు నుంచి లోపలికి కోసుకుంటూ వచ్చిన మరో నది దాన్ని తనలో కలిపేసుకుందనీ భూవిజ్ఞానులు చెబుతారు. రెండు నదులు ఒకటైతే వచ్చే వంపు అది.

ఒకవాంగోకు అలాంటి తోడు దొరకలేదు. అంగోలా కొండల్లో పుట్టి, బోట్స్‌వానాలోని కలహారి ఇసుకలోకి వచ్చి, అక్కడే ముగిసిపోతుంది. ఏటా దాదాపు 11 ఘన కిలోమీటర్ల నీరు ఏ సముద్రాన్నీ చూడకుండా ఆవిరవుతుంది, ఇంకుతుంది. నదిని ఆపింది భూమిలోని పగుళ్ళు. తూర్పు నుంచి పాకుతున్న చీలికల కొసలు ఇక్కడిదాకా వచ్చాయి. వాటికి అడ్డంగా దిగిపోయిన నేల మీద నీళ్ళు విసనకర్రలా పరుచుకుంటాయి. 250 కిలోమీటర్ల దూరానికి వాలు కేవలం 60 మీటర్లు. అందువల్ల నీరు నడవదు, పాకుతుంది. అంగోలాలో జనవరి, ఫిబ్రవరిల్లో పడ్డ వాన డెల్టా అవతలి కొసన ఉన్న మౌన్ పట్టణానికి చేరేసరికి జూన్, జూలై అవుతుంది. అప్పటికి అక్కడ వానాకాలం పోయి నెలలవుతుంది, చుట్టూ నేల ఎండి ఉంటుంది. సరిగ్గా ఆ కరువు రోజుల్లో వరద వస్తుంది. ఏనుగులూ దున్నలూ గుంపులుగా అక్కడికి చేరేది అందుకే.

ఇందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఉప్పుది. సముద్రానికి పోని నీరు ఎండిపోతే మిగిలేది ఉప్పే. ఆ లెక్కన ఒకవాంగో ఈపాటికి ఉప్పు మడుగై ఉండాలి. కానీ నీళ్ళు తియ్యగా ఉన్నాయి. డెల్టాలో చెదపుట్టల మీద మొదలై పెరిగిన లంకలు వేలల్లో ఉన్నాయి. వాటి మీది చెట్లు నేలలోంచి నీటిని పీల్చుకుంటాయి, ఉప్పును వేళ్ళ దగ్గరే వదిలేస్తాయి. లంక నడుమ భూగర్భజలం అలా ఉప్పుగా, బరువుగా మారి కిందికి దిగిపోతుంది. లంక మధ్యలో గడ్డి కూడా మొలవని తెల్లటి నేల కనిపిస్తుంది. చుట్టూ పారే నీటికి మాత్రం ఆ ఉప్పు అంటదు. చెదలూ చెట్లూ కలిసి ఇంత నీటిని శుభ్రంగా ఉంచుతున్నాయి. యునెస్కో 2014లో తన ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో చోటుగా దీన్ని చేర్చింది.

కింది నుంచి ఎత్తిపట్టిన నేల సాగుతుంది, సాగి పగులుతుంది. బ్రిటిష్ భూవిజ్ఞాని జాన్ వాల్టర్ గ్రెగరీ 1893లో కెన్యా వెళ్ళి, అక్కడి మహా లోయను నది కోయలేదనీ, రెండు సమాంతర పగుళ్ళ మధ్య నేల కుంగడం వల్ల ఏర్పడిందనీ గుర్తించాడు. లోయ ఒక గట్టున ఉన్న రాతిపొరలు అవతలి గట్టున ఉన్నవాటితో సరిపోలాయి. మధ్యలోని ముక్క కిందికి జారింది. ఈ చీలిక ఇథియోపియాలోని అఫార్ పల్లం నుంచి మొజాంబిక్ దాకా వేల కిలోమీటర్లు సాగుతుంది. అఫార్‌లో ఎర్ర సముద్రం, ఏడెన్ సింధుశాఖ, ఈ చీలిక, మూడూ కలుస్తాయి. అక్కడ నేల ఇప్పటికే సముద్రమట్టానికి కిందికి దిగింది. జిబూతీలోని అస్సాల్ సరస్సు మట్టం సముద్రానికి 150 మీటర్లకు పైగా దిగువన ఉంది.

చీలిక రెండు వైపులా జరిగే వేగం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే. కానీ ఆ జరుగుడు ప్రతి ఏడూ సమంగా ఉండదు. 2005 సెప్టెంబరులో అఫార్‌లోని దబ్బాహు దగ్గర 60 కిలోమీటర్ల పొడవున భూమి కొద్ది రోజుల్లోనే విడిపోయింది. కొన్నిచోట్ల 8 మీటర్ల దాకా జరిగింది. కింద ఆ ఖాళీని శిలాద్రవం నింపింది. శతాబ్దాల తరబడి కూడిన బిగువు అలా ఒక్కసారిగా సడలింది. ఉపగ్రహాలు ముందూ వెనకా తీసిన రాడార్ చిత్రాలను పోల్చి శాస్త్రవేత్తలు ఈ మొత్తాన్ని కొలవగలిగారు. సముద్రాల అడుగున కొత్త నేల పుట్టే తీరును మనిషి పొడి నేల మీద నిలబడి చూసే అవకాశం ఐస్‌లాండ్ తర్వాత ఇక్కడే ఉంది.

మొదలైన ప్రతి చీలికా సముద్రం అవ్వాలని లేదు. మన గోదావరే సాక్ష్యం. ఆదిలాబాద్ నుంచి ఖమ్మం మీదుగా ప్రాణహిత, గోదావరి పారే లోయ కూడా చీలిక లోయే. దాదాపు 30 కోట్ల ఏళ్ళ క్రితం, గోండ్వానా రోజుల్లో, ధార్వాడ్ శిలాఖండానికీ బస్తర్ శిలాఖండానికీ మధ్య నేల చీలి కుంగింది. అందులో చెట్లు, ఇసుక, బురద వేల మీటర్ల మందాన పూడాయి. తర్వాత చీలిక ఆగిపోయింది. ఆ పూడికలోనే సింగరేణి బొగ్గు ఉంది. ఆ లోయలోనే యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. తూర్పు ఆఫ్రికాలో ఈ రోజు జరుగుతున్న పని మొదటి అంకాలు ఎలా ఉంటాయో తెలుగు నేల తన పొరల్లో దాచి ఉంచింది.

తూర్పు ఆఫ్రికా చీలిక రెండు చేతులుగా విడుతుంది. పడమటి చేయి నిండా సరస్సులే. టాంగన్యీకా పొడవు 670 కిలోమీటర్లు, లోతు 1,470 మీటర్లు. లోతులో సైబీరియాలోని బైకాల్ తర్వాతి స్థానం దీనిదే. నీటి ఉపరితలం సముద్రమట్టానికి 770 మీటర్ల ఎగువన ఉంటే అడుగు 700 మీటర్ల దిగువన ఉంది. పై రెండు వందల మీటర్ల కింద ఆక్సిజన్ ఉండదు కాబట్టి చేపల బతుకంతా పైపొరలోనే. కివు సరస్సు అడుగున కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువులు ఘన కిలోమీటర్ల లెక్కన కరిగి ఉన్నాయి. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు 1986 ఆగస్టులో అలా దాచుకున్న వాయువును ఒక్క రాత్రి కక్కి 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. కివు దానికంటే ఎన్నో రెట్లు పెద్దది, ఒడ్డున జనం లక్షల్లో ఉన్నారు. రువాండా 2016 నుంచి ఆ మీథేన్‌ను పైకి లాగి విద్యుత్తు తీస్తోంది. ప్రమాదాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ దీపం వెలిగించుకునే ఆ పని విస్తరించాలని కోరుకుంటాను.

విక్టోరియా సరస్సు ఈ కుటుంబంలోది కాదు. 68 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్నా లోతు 80 మీటర్లే. చీలిక రెండు చేతులూ లేస్తుంటే మధ్య నేల కొద్దిగా కుంగింది. అంతకుముందు పడమటికి పారి కాంగో వైపు పోయిన కగేరా లాంటి నదులు, పడమటి గట్టు పైకి లేవడంతో వెనక్కి తిరిగి ఈ పల్లాన్ని నింపాయి. ఇంత పలచటి సరస్సు వాతావరణం మారితే తట్టుకోలేదు. సుమారు 15 వేల ఏళ్ళ క్రితం ఇది పూర్తిగా ఎండి గడ్డి మొలిచిందని అడుగు బురదలోని పొరలు చెబుతున్నాయి. మళ్ళీ నిండాక ఇందులో వందల రకాల సిక్లిడ్ చేపలు పుట్టుకొచ్చాయి. జీవపరిణామం ఇంత వేగంగా నడవగలదని రుజువు చేసిన చోటు ఇది. 1950లలో మనుషులు వదిలిన నైలు పెర్చ్ అనే పెద్ద చేప వాటిలో ఎన్నిటినో మింగేసింది.

ఉత్తరాన సహారాలోనూ ఎత్తుపల్లాల ఆటే నడుస్తుంది. 92 లక్షల చదరపు కిలోమీటర్ల ఈ ఎడారిలో ఇసుక తిన్నెలు పావు వంతే. మిగతాది రాయి, గులకనేల, కొండలు. 11 వేల నుంచి 5 వేల ఏళ్ళ క్రితం దాకా ఇక్కడ గడ్డి, చెరువులు, మొసళ్ళు ఉండేవి. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల అప్పట్లో ఉత్తరార్ధగోళానికి వేసవిలో ఎండ ఎక్కువ తగిలేది, రుతుపవనాలు ఇంకా లోపలికి వచ్చేవి. చాద్ సరస్సు అప్పుడు చిన్న సముద్రమంత ఉండేది. దాని అతి లోతైన అడుగే ఇప్పటి బొదెలె పల్లం. తిబెస్తి, ఎన్నెది అనే రెండు ఎత్తయిన కొండ ప్రాంతాల నడుమ సందులోంచి దూసుకొచ్చే గాలి, ఎండిన సరస్సు అడుగున మిగిలిన సూక్ష్మ శైవలాల గుల్లలను పిండిగా కొట్టి లేపుతుంది. నాసా ఉపగ్రహం 2007 నుంచి 2013 వరకు తీసిన లెక్కల ప్రకారం ఏటా సగటున 2.77 కోట్ల టన్నుల సహారా ధూళి అట్లాంటిక్ దాటి అమెజాన్ లోయలో పడుతోంది. అందులోని భాస్వరం, వానలకు అమెజాన్ అడవి పోగొట్టుకునే భాస్వరంతో దాదాపు సమానం.

కొండలు గాలిని దారిలో పెట్టే ఈ పని తూర్పున ఇంకా పెద్ద ఎత్తున జరుగుతుంది, అది మన పొలాలకు సంబంధించినది. జూన్ వస్తూనే దక్షిణ హిందూ మహాసముద్రపు గాలులు వాయవ్యంగా కదిలి, మడగాస్కర్ కొస మీదుగా కెన్యా తీరానికి చేరతాయి. అక్కడ కెన్యా, ఇథియోపియా పీఠభూములు గోడలా నిలబడి ఉన్నాయి. గాలి పడమటికి పోలేదు. భూమధ్యరేఖ దాటాక భూమి తిరుగుడు కూడా దాన్ని కుడివైపుకు నెడుతుంది. దాంతో అది గోడ వెంటే ఒరుసుకుంటూ ఉత్తరానికి, అటుపైన సొమాలియా తీరం వెంట ఈశాన్యానికి మళ్ళి అరేబియా సముద్రం దాటుతుంది. నేలకు కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తున సన్నటి పట్టీలా వీచే ఈ ప్రవాహాన్ని బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త జాన్ ఫిండ్‌లేటర్ 1960లలో గుర్తించి వివరించాడు. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటే రోజులు మామూలే. ఆ నెలల్లో దక్షిణార్ధగోళం నుంచి ఉత్తరానికి వచ్చే కింది పొరల గాలిలో పెద్ద వాటా ఈ ఇరుకు దారిలోంచే వస్తుంది. జూన్ మొదట్లో కేరళను, తర్వాత రాయలసీమను, తెలంగాణను తడిపే నైరుతి రుతుపవనం అరేబియా శాఖ ఇదే.

సొమాలియా వాసికి ఈ గాలి తెచ్చేది వాన కాదు. తీరానికి సమాంతరంగా వీచి, పై నీటిని పక్కకు నెట్టి, అడుగు నుంచి చల్లటి నీటిని పైకి లాగుతుంది. చల్లటి సముద్రం మీది గాలి పైకి లేవదు, మేఘం కట్టదు. చేపలకు మేత పుష్కలం, నేలకు మాత్రం ఎండే. మన వానల దారి పొడవునా ఒక కరువు దేశం ఉందన్న సంగతి మన వాతావరణ వార్తల్లో వినబడదు. వినబడాలి.

గాలికి గోడలా నిలిచిన ఆ ఆఫ్రికా కొండలే లేకపోతే మన వానలు తగ్గేవా? బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2002లో కంప్యూటర్ నమూనాలో ఆఫ్రికా ఎత్తులన్నిటినీ చదును చేసి చూశారు. భారతదేశం మీద వాన పెరిగింది. హిమాలయాలను తీసేసినప్పుడు తగ్గింది. అంటే ఆఫ్రికా అరుగు గాలిని ఒక దారిలో పెడుతుంది, అదే సమయంలో కొంత తేమను మన దాకా రాకుండానూ ఆపుతుంది. ఈ రెండు పనుల్లో దేని పాలు ఎంతో లెక్కగట్టే పని అక్కడా ఇక్కడా సాగుతూనే ఉంది.